ఖాళీ గదిలో హీటర్

ఆ ఆదివారం ఉదయం ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, కోటు కూడా విప్పకుండా సోఫాలో ఒరిగిపోయిన లరీసా. వంటింటి బల్ల దగ్గర టీ కప్పు ముందు పెట్టుకుని, తాగడం మరిచి కిటికీలోంచి మంచు వైపు చూస్తున్న ఆమె భర్త బోహ్దాన్. అందరికంటే ముందే లేచి, జడ అల్లుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కున్న అతని తల్లి పరస్కా. మేడమీద గదిలో, ఎప్పుడో మెలకువ వచ్చినా దుప్పటి తలమీదికి లాక్కుని కదలకుండా పడుకున్న కూతురు ఉల్యానా.

అద్దాల గదిలో పెరిగే నారు మొక్కల్ని కూడా పరస్కా మనుషుల్లోనే కలిపేది. టమాటాలు నూట ఇరవై, క్యాబేజీలు డెబ్భై, మిరప యాభై. ఆ లెక్కన ఆ ఇంట్లో ఉన్నది రెండు వందల నలభై నాలుగు ప్రాణాలు.

ఏప్రిల్ మూడో వారం వచ్చినా ఆ ఊళ్ళో, జోరియాలో, ఇంకా మంచు కరగలేదు. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఆ వైపు ఊళ్ళలో మే నెల మూడో సోమవారం దాటేదాకా ఎవరూ నేలలో ఏదీ నాటరు. అప్పటిదాకా నారు ఇంట్లోనే పెరగాలి. మార్చి మొదటి వారంలోనే పరస్కా పెరుగు డబ్బాలకీ పాల అట్టపెట్టెలకీ అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, విత్తనాలు వేసి, వాటిని పన్నెండు ట్రేలలో సర్దేది. పాత కిటికీ తెరల ప్లాస్టిక్ బద్దలు ముక్కలుగా కోసి, వాటిమీద మొక్కల పేర్లు రాసి గుచ్చేది. ఇంటికి దక్షిణం వైపు వరండాను ఆమె భర్త బతికున్న రోజుల్లో పాత కిటికీలతో మూసి అద్దాల గది చేశాడు. ఇంటి వేడి అక్కడికి రాదు. చిన్న కరెంటు హీటర్ ఒకటుంది. దాన్ని సాయంత్రం పెట్టడం, ఎండ పడగానే తీసెయ్యడం పరస్కా పని. పొద్దున్నే ఆ మొక్కల తలలమీద అరచేతితో అటూ ఇటూ నాలుగుసార్లు రాసేది. లోపల గాలి ఉండదు కాబట్టి ఆ పని చేసి తీరాలనీ, లేకపోతే కాడలు బలపడవనీ చెప్పేది. మే నెల వచ్చేసరికి ఆ నారు పదకొండు ఇళ్ళకు వెళ్ళేది. ఊళ్ళో ఎవరింట్లో క్యాబేజీ బాగుందన్నా, అది పరస్కా ఇచ్చిన నారే అయ్యుండేది.

దుప్పటి కింద ఉల్యానా నాయనమ్మ చెప్పుల చప్పుడు వింటూ ఉంది. వంటింట్లోంచి నడవలోకి. నడవలోంచి అద్దాల గదికి. తలుపు కిర్రుమంది. ఆ తరువాత అరుపు వినిపిస్తుందని చెవులు మూసుకుంది. అరుపు రాలేదు. చాలాసేపటికి నాయనమ్మ గొంతు మెల్లగా వినిపించింది.

"బోహ్దాన్, ఒకసారి ఇటు రా నాయనా."

ఉల్యానా కిందికి వచ్చేసరికి ముగ్గురూ ఆ గదిలో నిలబడి ఉన్నారు. పన్నెండు ట్రేలలోనూ ఆకులు వేడినీళ్ళలో ముంచి తీసిన పాలకూరలా నల్లబడి, కాడలకు అంటుకుపోయి ఉన్నాయి.

"ఇదేంటి? నిన్న బానే ఉన్నాయిగా!" అంది లరీసా, నిద్ర కళ్ళు నులుముకుంటూ.

"చలికొట్టింది," అన్నాడు బోహ్దాన్.

"గదిలో చలేంటి? హీటర్ ఉందిగా. అత్తయ్యా, రాత్రి హీటర్ పెట్టారా?"

"పెట్టానమ్మా. చర్చి నుంచి వచ్చేసరికి ఎనిమిదైంది. రాగానే పెట్టాను."

"మొక్కల్ని చూశారా?"

"లైటు వెయ్యలేదు. పడుకున్నవాటిని లేపడం ఎందుకని..."

"అయితే పెట్టలేదు మీరు. పెట్టాననుకుని పడుకున్నారు. తెల్లారుజామున గుర్తొచ్చి లేచి పెట్టుంటారు."

"లేదు లరీసా, పెట్టాను," అంది పరస్కా. హీటర్ వైపు చూసింది. ఎర్రటి దీపం వెలుగుతూనే ఉంది. "పెట్టాననే అనుకుంటున్నా."

ఆ రెండో మాట దగ్గర ఆమె గొంతు తగ్గిపోయింది.

"పోయిన నెల పురుగులు చావాలని ఓవెన్‌లో మట్టి ట్రే పెట్టి కబుర్లకి పక్కింటికి వెళ్ళిపోలేదూ? ఇల్లంతా పొగ. ఆ రోజు కూడా ఆర్పేశాననే అన్నారు," అంది లరీసా. తిట్టినట్టు కాదు, అలసిపోయి అంది. రాత్రంతా ఎవరినో పక్కకు తిప్పి పడుకోబెట్టి వచ్చిన చేతులు ఆమెవి. "పొద్దున్నే మీతో దెబ్బలాడే ఓపిక నాకు లేదత్తయ్యా. పెట్టలేదంటే పెట్టలేదని చెప్పండి, అయిపోతుంది."

ఉల్యానా గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. కానీ అమ్మ మాట ముందు వచ్చేసింది. దాని వెనకే నాన్న నిట్టూర్పు వచ్చింది.

జరిగింది ఇది. శనివారం నాయనమ్మ చర్చిలో మిగతా ఆడవాళ్ళతో కలిసి పిరోహీలు చుట్టడానికి వెళ్ళింది. ఈస్టర్ ముందు ఏటా అంతా కలిసి పిండి బిళ్ళల్లో బంగాళదుంప ముద్ద కూరి కొన్ని వేలు చుడతారు. నాన్న రోడ్ల పనికి వెళ్ళాడు. అమ్మ రాత్రి డ్యూటీ కోసం పగలు నిద్రపోతోంది. మధ్యాహ్నం ఎండ వచ్చింది, చూరు నుంచి మంచు నీళ్ళు కారుతున్నాయి. ఇంకో పది రోజుల్లో నారును రోజూ కాసేపు బయటపెట్టి గాలికి అలవాటు చెయ్యాలి, నాయనమ్మకు మోకాళ్ళు నొప్పి. తనే మొదలుపెట్టి చూపిస్తే నాయనమ్మ మెచ్చుకుంటుందనుకుంది ఉల్యానా. స్కూల్లో పేరు పిలిస్తే చెయ్యెత్తడానికి కూడా సిగ్గుపడే పిల్లకు ఎవరైనా మెచ్చుకునే సందర్భాలు ఎక్కువ ఉండవు.

పన్నెండు ట్రేలూ వెనక మెట్లమీద బారుగా పెట్టింది. ఒక అరగంట అనుకుని పైకి వెళ్ళి మంచంమీద పుస్తకం తెరిచింది. అమ్మ కారు స్టార్టయిన చప్పుడుకు మెలకువ వచ్చేసరికి ఆరున్నర. గాలి ఉత్తరానికి తిరిగింది. సన్నటి మంచు అడ్డంగా కొడుతోంది. పన్నెండుసార్లు బయటికీ లోపలికీ పరిగెత్తింది. ఆకులు ముదురు ఆకుపచ్చగా, అద్దంలా గట్టిగా ఉన్నాయి. లోపల వెచ్చగా ఉంటే తెల్లారేసరికి తేరుకుంటాయనుకుని ఎప్పటి వరసలోనే సర్ది, మెట్లమీది మట్టి కూడా ఊడ్చేసింది.

ఆ ఊడ్చెయ్యడమే ఆమెను ఎక్కువ కాల్చింది. తెలియక చేసిన తప్పు అక్కడితో అయిపోయింది. మట్టి ఊడ్చింది మాత్రం తెలిసే.

సోమవారం చెబుదామనుకుంది. సోమవారం అమ్మకు పట్టణంలోని వృద్ధుల వసతి గృహం నుంచి ఫోన్ వచ్చింది. చలికాలంలోనే అమ్మ అక్కడ పేరు రాయించిందట. ఒక గది ఖాళీ అయింది, వచ్చే మంగళవారంలోపు ఏదో ఒకటి చెప్పాలన్నారు.

"కిటికీ ఉందట. వారానికి రెండుసార్లు బింగో ఆడిస్తారట," అంది లరీసా భోజనాల దగ్గర, ఎవరి ముఖమూ చూడకుండా.

"నాకు బింగో రాదు," అంది పరస్కా.

"నేర్పిస్తార్లే అమ్మా," అన్నాడు బోహ్దాన్. అని, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు రొట్టె తుంచుతూ కూర్చున్నాడు.

వారం క్రితమైతే పరస్కా బల్ల మీద చెయ్యి కొట్టి, 'నా పాడె లేచాక ఆడిద్దురు' అనేది. కోడలికి సమాధానం బాకీ ఉంచడం ఆమె అలవాటు కాదు. ఇప్పుడు సూప్ గిన్నెలో గరిట తిప్పుతూ ఉండిపోయింది.

మంగళవారం ఆమె ఫోన్ దగ్గర కూర్చుంది. పదకొండు ఇళ్ళకూ ఒకదాని తరువాత ఒకటి చేసింది. ఉల్యానా పక్క గదిలో హోంవర్క్ ముందు పెట్టుకుని అన్నీ వింది.

"ఈ ఏడు నారు లేదమ్మా. కొట్లో కొనుక్కోండి... లేదు లేదు, తెగులేం కాదు. హీటర్ పెట్టడం మరిచిపోయాను... ఆ, నేనే. నా బుర్రే. పోతోంది ఇక."

పదకొండుసార్లూ నవ్వుతూనే చెప్పింది. చివరి ఫోన్ పెట్టాక మాత్రం చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఉల్యానా లేచి ఆ గది గుమ్మందాకా వెళ్ళింది. "నానమ్మా..."

"ఏంటే? ఆకలా?"

"కాదు."

"మరేంటి, గుమ్మానికి బొమ్మలా నిలబడ్డావు?"

"ఏం లేదు."

రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది. మొదటి రోజైతే 'మొక్కలు నేను పాడుచేశాను' అంటే సరిపోయేది. ఇప్పుడు దానికి ఫోన్లు కలవాలి, వసతి గృహం కలవాలి, నాయనమ్మ నవ్వు కలవాలి. అన్నం సయించడం లేదంటే, జలుబు చేస్తోందని లరీసా మందు తెచ్చి ఇచ్చింది. అదీ తాగింది.

రెండో సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చి ఉల్యానా అద్దాల గదిలోకి వెళ్ళింది. చనిపోయిన నారంతా నాయనమ్మ ఎప్పుడో తీసి పారేసింది. డబ్బాలు కడిగి బోర్లించింది. బల్లలు ఖాళీగా ఉన్నాయి. అయినా గది వెచ్చగా ఉంది. హీటర్ వెలుగుతోంది.

హీటర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. నాయనమ్మ వంకర అక్షరాలు. పైన 'పరస్కా, పెట్టావా?' అని. దాని కింద ఆదివారం, ఎదురుగా ఒక టిక్కు. సోమవారం, టిక్కు. మంగళవారం, టిక్కు. అలా ఎనిమిది రోజులకు ఎనిమిది టిక్కులు. తొమ్మిదోది అప్పుడే పెట్టినట్టుంది, పెన్సిలు కాగితం కిందే వేలాడుతోంది.

ఒక్క మొక్కా లేని గదికి రోజూ సాయంత్రం వచ్చి, మీట నొక్కి, నొక్కానని రాసుకుని వెళుతోంది నాయనమ్మ. పరీక్ష తనకు తనే పెట్టుకుంటోంది.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "అత్తయ్యా, కూర్చోండి. ఫారం నింపేద్దాం. రేపే ఇవ్వాలి."

ఉల్యానా వచ్చి తన కుర్చీలో కూర్చుంది. బయట ఇంకా వెలుతురుంది. బోహ్దాన్ సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. అతను గిన్నెలు కడుగుతున్నాడంటే మాటల్లోకి దిగదలుచుకోలేదని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఈ ఏడాదిలో పడ్డారా?"

"పడలేదు. మెట్ల దగ్గర ఒకసారి తూలాను. అది పడటం కాదు."

"పడలేదు," అని రాసుకుంది లరీసా. "స్నానం సొంతంగా చేస్తారా?"

"మరి నువ్వు చేయిస్తున్నావా?"

లరీసా పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "జ్ఞాపకశక్తి?"

పరస్కా కాసేపు ఆలోచించింది. "రాయి. తగ్గిపోతోందని రాయి."

"ఊరికే అడుగుతారు అత్తయ్యా, అలా మొత్తం..."

"రాయమన్నాగా. మట్టి ఓవెన్‌లో వదిలేసిందని రాయి. హీటర్ పెట్టకుండా పెట్టాననుకుందని రాయి. పెట్టానని ఒట్టేసి చెప్పగలను లరీసా, ఆ మీట చల్లగా వేలికి తగిలింది కూడా గుర్తుంది. అది కూడా నా బుర్ర కల్పించుకుందంటే, ఇక నన్ను నేను ఏం నమ్మను? నువ్వన్నదే నిజం. రాయి."

లరీసా కలం కాగితం మీద ఆనించింది.

"రాయకు," అంది ఉల్యానా.

ఎవరికీ వినిపించలేదు. సింకులో నీళ్ళు పడుతున్నాయి.

"అమ్మా, రాయకు!"

బోహ్దాన్ నీళ్ళు కట్టేశాడు.

"నానమ్మ హీటర్ పెట్టింది. అప్పటికే అవి చచ్చిపోయాయి. నేనే చంపేశాను. మధ్యాహ్నం బయటపెట్టి నిద్రపోయాను. చీకటి పడకముందే లోపల పెట్టేశాను. మెట్లు కూడా ఊడ్చేశాను."

లరీసా కూతురి ముఖంలోకి చూసింది. "ఏం మాట్లాడుతున్నావే?"

"నిజమమ్మా."

"నిజమా? తొమ్మిది రోజులు నోట్లో ఏం పెట్టుక్కూచున్నావు? ఆవిడ పదకొండు ఇళ్ళకి ఫోన్ చేసి నా బుర్ర పోయిందని చెప్పుకుంటుంటే పక్క గదిలో కూర్చుని లెక్కలు చేసుకున్నావా?"

"చెబుదామనుకున్నా. నువ్వే ముందు అనేశావు..."

"ఓహో, నా మీదికి తోస్తున్నావా?"

"లరీసా," అన్నాడు బోహ్దాన్. చేతుల నుంచి నురగ కారుతోంది. "అది ఒక్కతే కాదు. నువ్వు అన్నావు, నేను నమ్మేశాను. మా అమ్మని పక్కకి పిలిచి, ఏం జరిగిందమ్మా అని ఒక్క మాట అడగలేదు. నమ్మడం నాకు సులువైంది."

లరీసా కలం కింద పెట్టింది. రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

"నాకిప్పుడు సంతోషం వెయ్యాలి కదా," అంది చేతుల వెనకనుంచి. "ఆవిడకి ఏం కాలేదని తెలిసింది, సంతోషం వెయ్యాలి. వెయ్యట్లేదు బోహ్దాన్. గది ఖాళీ ఉందని వాళ్ళు చెప్పినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. రోజూ పన్నెండు మందిని లేపుతాను, తుడుస్తాను, తినిపిస్తాను. ఇంటికొస్తూ కారులో, ఇవాళ పొయ్యి మీద ఏం మరిచిపోయారో, మెట్ల కింద పడున్నారేమో అనుకుంటూ వస్తాను. ఆ మొక్కలు పోయిన రోజు నాకు ఒక సాకు దొరికింది. నేనేం మనిషినో!"

పరస్కా బల్ల మీదుగా చెయ్యి చాపి, కోడలి ముంజేతి మీద పెట్టింది.

"ఏడవకు. నీ అలుపు నాకు తెలియదనుకున్నావా? మా అత్తగారిని నేను ఆరేళ్ళు చూశాను. పొద్దున్నే లేచి, ఇంకా ఊపిరి ఉందా అని తొంగి చూసేదాన్ని. ఉంటే ఒక్కోరోజు, అయ్యో ఇంకా ఉందే అనిపించేది. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు." రెండో చేత్తో ఫారం కోడలి వైపు తోసింది. "ఓవెన్ మాత్రం నాదే తప్పు. ఆ ఫారం చింపకు, సొరుగులో పెట్టు. ఏదో ఒక రోజు కావాలి. ఆ రోజు నేనే అడుగుతాను."

లరీసా తలూపింది. ఆ చేతిని వదలకుండా, కన్నీళ్ళు భుజానికి తుడుచుకుంది.

"మే అయ్యేదాకా శనివారాలు సెలవడుగుతాను," అన్నాడు బోహ్దాన్. "ఇంట్లో ఎవరో ఒకళ్ళు ఉండాలి."

"ఇస్తారా?" అంది లరీసా.

"అడిగి చూస్తాను."

పరస్కా బల్ల పట్టుకుని లేచింది. మనవరాలి వైపు చూడలేదు. నడవలో గోడ పట్టుకుంటూ తన గదికి వెళ్ళింది. ఉల్యానా వెనకే వెళ్ళింది. నాయనమ్మ గదిలోకి అడుగుపెట్టి, తలుపు మీద చెయ్యి వేసి, అప్పుడు తిరిగింది.

"నాతోనే అన్నీ చెబుతావుగా నువ్వు. ఇదెందుకు చెప్పలేదు?"

"తిడతావని."

"తిట్టేదాన్నే. గంటసేపు తిట్టేదాన్ని. వీధి చివరిదాకా వినబడేలా తిట్టేదాన్ని. తరువాత అన్నం పెట్టేదాన్ని. దానికి భయపడి నన్ను ఇలా వదిలేశావా?"

ఉల్యానా ముక్కూ కళ్ళూ ఏకమై కారుతున్నాయి.

"మేం ఏడుగురం. ఆరుగురు అక్కచెల్లెళ్ళు, నేను. ఈ తొమ్మిది రోజులూ పక్కమీద పడుకుని వాళ్ళ పేర్లు వరసగా చెప్పుకున్నాను. ఎవరైనా జారిపోయారేమోనని. ఒక్కరూ జారలేదు." పరస్కా వేళ్ళు మడిచి చూపించింది. "అయినా నమ్మలేదు. పేర్లు కూడా నేనే కల్పించుకుంటున్నానేమో అనుకున్నాను."

అప్పటిదాకా ఉల్యానా తను పాడుచేసింది నారు అనుకుంటోంది. ఊళ్ళోవాళ్ళ ముందు నాయనమ్మ పరువనుకుంటోంది. పక్కమీద ఒంటరిగా పడుకుని, చనిపోయిన అక్కచెల్లెళ్ళ పేర్లు పట్టుకుని వేలాడుతున్న ముసలామెను ఆమె ఊహించనేలేదు. ఆ గది తన గది కిందే ఉంది. తొమ్మిది రోజులూ తనూ నిద్రపోలేదు. ఒక్కరోజు మెట్లు దిగి వచ్చి ఉంటే ఇద్దరూ నిద్రపోయేవాళ్ళు.

"నానమ్మా..." అని చెయ్యి పట్టుకోబోయింది.

"ఇవాళ వద్దు," అంది పరస్కా, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "కోపం ఉంది. నిజం కోపం. రెండు మూడు రోజులుంటుంది, ఉండనీ. టమాటాలకి టైము దాటిపోయింది. క్యాబేజీకి ఇంకా దాటలేదు. రేపు బడికి ముందు లేచి డబ్బాల్లో మట్టి నింపు. తరువాత ఆ పదకొండు ఇళ్ళకీ నువ్వే ఫోన్ చెయ్యి."

"నేనా? ఫోన్లోనా?"

"నువ్వే. ఎవరు మరిచిపోయారో, ఎవరు మరిచిపోలేదో నీ నోటితో చెప్పు. గొంతు పెగలకపోతే, పెగిలేదాకా ఫోన్ పట్టుకుని నిలబడు."

ఉల్యానా తలూపింది. నాయనమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. చేత్తో ఆమె చెంప మీద తడిని గట్టిగా, కసిగా తుడిచింది.

"ఇక పో. నన్ను పడుకోనీ. తొమ్మిది రోజులైంది," అని తలుపు వేసేసుకుంది.